సప్లిమెంటరీ పిల్లలకు ఫార్మసీ దారి కూడా అచ్చు వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన మర్నాడు మీ పేపర్ తెరిస్తే ముందు కనిపించేవి కాలేజీల ప్రకటనలు, 1000కి 990 తెచ్చుకున్న పిల్లల ఫొటోలు. వాళ్ళు కష్టపడ్డారు, వేయండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అదే రోజు దేవరకొండలో మా మెడికల్ షాపుకు వచ్చే తల్లిదండ్రులు వేరు. చందంపేట వైపు తండాల నుంచి వస్తారు, కూలికి పోయేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు. "సార్, పోరనిది కెమిస్ట్రీ పోయింది, ఇగ వీడు ఏం చదువుతడు, మీ లెక్క మందుల షాపు పెట్టుకునే చదువుకన్నా పంపొచ్చా" అని అడుగుతారు. పంపొచ్చు. ఆ మాట వాళ్ళకు షాపు కౌంటర్ దగ్గర నేను చెప్పాల్సి రావడమే నాకు నచ్చడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

అసలు పిల్లలు చేసే మొదటి పొరపాటు ఏంటంటే, ఇంటర్‌లో ఒకటి రెండు సబ్జెక్టులు పోయాయని తెలియగానే ఎంసెట్ రాయడమే మానేస్తారు (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్, మా దగ్గర ఇంకా అందరూ ఎంసెట్ అనే అంటారు; బీఫార్మసీ అనే నాలుగేళ్ళ డిగ్రీ సీటుకూ ఇదే ప్రవేశ పరీక్ష). ఫెయిలైనోడికి ఎంసెట్ ఎందుకు అని ఇంట్లోవాళ్ళు కూడా అంటారు. కానీ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో పాసైతే అదే సంవత్సరం కౌన్సెలింగ్‌కు పోవచ్చు, పోవాలంటే చేతిలో ర్యాంకు ఉండాలి, ర్యాంకు ఉండాలంటే సప్లిమెంటరీ టెన్షన్‌లో ఉన్నా సరే పోయి పరీక్ష రాయాలి. పైగా ఒకప్పుడు ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, ఇప్పుడు తీసేశారు. ఇంటర్‌లో ఎన్ని తక్కువ వచ్చినా ర్యాంకు మాత్రం ఆ 160 ప్రశ్నల మీదే. నెగెటివ్ మార్కులు లేవు. 40 మార్కులు వస్తే క్వాలిఫై అయినట్టే, ఎస్సీ ఎస్టీ పిల్లలకు ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. బీఫార్మసీకి బైపీసీ వాళ్ళూ పోవచ్చు, ఎంపీసీ వాళ్ళూ పోవచ్చు. ఇందులో ఒక్క ముక్క కూడా మా దగ్గరికి వచ్చే పదిమందిలో ఎనిమిది మందికి తెలియదు.

ఒక మెలిక ఉంది, అదీ చెప్పాలి. బీఫార్మసీ సీటుకు ఇంటర్ పాసైతే చాలదు, గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకు 40. అన్నిట్లో 35, 36తో గట్టెక్కిన పిల్లగాడు ర్యాంకు తెచ్చుకున్నా అక్కడ ఆగిపోతాడు. వాడికి డీఫార్మసీ, అంటే ఫార్మసీ డిప్లొమా ఉంది. రెండేళ్ళు చదువు, ఆ తర్వాత 500 గంటలు ఆస్పత్రిలోనో మందుల షాపులోనో ట్రైనింగ్, సీటు ఇంటర్ మార్కుల మెరిట్ మీద ఇస్తారు, ఎంసెట్‌తో పని లేదు. డీఫార్మసీ అయ్యాక ఈసెట్ (డిప్లొమా చేసినవాళ్ళు రాసే ప్రవేశ పరీక్ష) రాసి నేరుగా బీఫార్మసీ రెండో సంవత్సరంలో చేరొచ్చు. మా షాపులో పనిచేసిన ఒక అబ్బాయి ఈ దారినే పోయాడు. ఇంటర్‌లో మ్యాథ్స్, కెమిస్ట్రీ రెండూ తప్పాడు, సప్లిమెంటరీలో బొటాబొటీగా బయటపడ్డాడు. పొద్దున షాపు తెరిచి, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు స్ట్రిప్పుల వెనక ఉన్న సన్న అక్షరాలు చదివేవాడు. మెట్‌ఫార్మిన్ షుగర్ గోళీ అని వాడికి చదువుకోకముందే తెలుసు, అన్నం తిన్నాక వేసుకొమ్మని ఎందుకంటారో డీఫార్మసీలో చేరాక తెలిసింది. ఆ రోజు వచ్చి కౌంటర్ మీద కూర్చొని నాకే క్లాసు తీసుకున్నాడు. ఇప్పుడు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో (మందుల కంపెనీలు ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలి) ఒక కంపెనీ క్వాలిటీ విభాగంలో ఉన్నాడు.

వాడొక్కడి సంగతి చూసి అందరికీ ఇదే జరుగుతుందని నేను అనను. చేరిన తర్వాత మానేసినవాళ్ళనూ చూశాను, వాళ్ళలో ఎక్కువమంది తప్పేది కెమిస్ట్రీ దగ్గరే. బీఫార్మసీ మొదటి సెమిస్టర్‌లో బైపీసీ నుంచి వచ్చినవాళ్ళకు రెమిడియల్ మ్యాథ్స్ (ఇంటర్‌లో చదవని సబ్జెక్టు మొదటి నుంచి చెప్పే క్లాసు) పెట్టారు, ఎంపీసీ వాళ్ళకు రెమిడియల్ బయాలజీ పెట్టారు, మంచిదే. మరి కెమిస్ట్రీ? అది అందరూ చదివే వచ్చారు కదా అని వదిలేశారు. ఇనార్గానిక్, అనాలిసిస్, తర్వాత ఆర్గానిక్, వరసగా మీద పడతాయి, అదీ ఇంగ్లిష్‌లో. తెలుగు మీడియంలో గవర్నమెంట్ కాలేజీలో చదివి, ల్యాబ్‌లో బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్క చుక్కగా కొలిచి పోసే గాజు గొట్టం) ఒక్కసారైనా సరిగ్గా పట్టుకోని పిల్లకు దాంతో చేసే టైట్రేషన్ ప్రయోగం రాకపోతే అది ఆ పిల్ల తెలివి తక్కువతనం కాదు. చేరిన మొదటి నెల మోల్, మొలారిటీ లాంటి కెమిస్ట్రీ మొదటి పాఠాల దగ్గర నుంచి మళ్ళీ చెప్పించాలి. పాలమూరు యూనివర్సిటీకి సొంత ఫార్మసీ కాలేజీ ఉంది, వాళ్ళు మొదలుపెడితే మిగతావాళ్ళను అడగడానికి మాకూ నోరు వస్తుంది.

ఇక ఏజెంట్లు. రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం నుంచే ఫోన్లు. పక్క రాష్ట్రంలో డీఫార్మసీ, క్లాసులకు రావక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం అంటారు. ఎకరమో అరెకరమో కుదవపెట్టి కట్టినవాళ్ళు మా మండలంలోనే ఉన్నారు. ఆ కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు లేకపోతే ఇక్కడ రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కాదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. గుర్తింపు ఉన్న కాలేజీల జాబితా ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లో చూసుకోవచ్చు, డబ్బు కట్టేముందు ఆ పని చేయండని ఎవరూ చెప్పరు.

ఇంకో మాట, ఇది మా వ్యాపారంలో ఉన్నవాళ్ళకు కోపం తెప్పిస్తుందని తెలుసు. కొందరు తండ్రులు సూటిగానే అడుగుతారు: "చదివితే చాలు కదా సార్, సర్టిఫికెట్ అద్దెకు ఇచ్చుకున్నా నెలకు ఎంతో కొంత వస్తది." డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు దగ్గరుండి ఇవ్వాలని చట్టం. సర్టిఫికెట్ గోడకు, మనిషి ఇంకెక్కడో ఉంటే, బీపీ గోళీ బదులు ఇంకేదో ఇచ్చినప్పుడు పట్టుకునేవాడు ఉండడు. అద్దె కోసమే చదివేటట్టయితే దయచేసి చదవొద్దు. ఆ సీటు ఇంకో పిల్లకు పనికొస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల (పిల్లల తరఫున ప్రభుత్వం కాలేజీలకు కట్టాల్సిన ఫీజు) గురించి మీరు చాలాసార్లు రాశారు, ఒక్క ముక్క కలపండి. బకాయి రాలేదని కాలేజీ డీఫార్మసీ మెమో, టీసీ ఆపితే, ఈసెట్‌లో ర్యాంకు వచ్చినా ఆ పిల్ల బీఫార్మసీలో చేరలేదు. ఏడాది పోతుంది. అమ్మాయిల విషయంలో ఆ ఏడాదిలోనే పెళ్ళి సంబంధం చూసేస్తారు, ఇక చదువు ముచ్చట రాదు.

నేను అడిగేది చిన్నదే. వచ్చే ఏప్రిల్‌లో రిజల్ట్స్ వేసిన పేజీలోనే, టాపర్ల ఫొటోల పక్కన ఒక కాలమ్ వదలండి. సప్లిమెంటరీ ఫీజు ఆఖరు తేదీ, ఎంసెట్‌కు లేట్ ఫీజుతో ఇంకా గడువు ఉంటే ఆ తేదీ, 45, 40 శాతం నిబంధన, డీఫార్మసీ నోటిఫికేషన్ ఎక్కడ వస్తుందో, గుర్తింపు ఉన్న కాలేజీ అని ఎలా చూసుకోవాలో వేయండి. అక్షరాలు కాస్త పెద్దవిగా వేయండి, నేను కత్తిరించి షాపు అద్దానికి అంటిస్తాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, దేవరకొండ, నల్లగొండ జిల్లా