సూరీ, చెల్సీ వెళ్లొచ్చాను

ఒరేయ్ సూరీ,

ముందు తిట్టాల్సినన్ని తిట్టేయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తప్పు నాదే. ఇక్కడ అందరం కులాసా, చంటిదానికి రెండు పళ్లొచ్చాయి, ఆవకాయ అందిందని అమ్మతో చెప్పు. మిగతా కబుర్లు తర్వాత, ఎందుకంటే ఆదివారం నుంచి ఒక విషయం గొంతులో అడ్డుపడి ఉంది, అది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

లండన్‌లో చెల్సీ వెళ్లాను. థేమ్స్ ఒడ్డున పెద్ద ఇటుక భవనం, ముసలి సిపాయిలకీ గాయపడ్డవాళ్లకీ నీడ ఉండాలని రెండో చార్లెస్ రాజు 1682లో మొదలుపెట్టించాడు. గేటు దగ్గర ఎర్రకోటు తొడుక్కున్న ఒక పెద్దాయన కర్రకి ఆనుకుని నిలబడ్డాడు, ఎడమ భుజం కిందికి జారి ఉంది, అచ్చం మీ తాతయ్యలా. తాతయ్యతో అన్నట్టే "ఇంకా రెండు మెట్లే" అనబోయి ఆగాను. కళ్లు తడిశాయిరా.

ఇంటికొచ్చి రాత్రి రెండింటిదాకా చదివాను. 18వ శతాబ్దంలో ఆ భవనంలో చోటు దొరికింది కొందరికే. వేలమంది ఊళ్లలోనే ఉండి పెన్షన్ తీసుకునేవాళ్లు, రోజుకు 5 పెన్నీలు. కాల్బలం సిపాయి జీతమే రోజుకు 8 పెన్నీలు, అందులోనూ కోతలు. పెన్షన్ కావాలంటే చెల్సీ బోర్డు, అంటే ఆ పెన్షన్లు చూసే అధికారుల ముందు నిలబడాలి. కాలో చెయ్యో పోయినవాడు అంతదూరం వచ్చి నిలబడాలి, ఊహించు. రిజిస్టర్లో ఒక్కొక్కరికి ఒక వరుస రాసేవారు: వయసు, ఎన్నేళ్ల సర్వీసు, ఎక్కడ దెబ్బ తగిలింది, ఎక్కడ పుట్టాడు.

1750 నవంబర్ నాటి ఒక వరుస దగ్గర ఆగిపోయాను. హానా స్నెల్, వయసు 27, పాండిచ్చేరిలో రెండు కాళ్ల తొడలకీ గాయాలు, పుట్టింది వూస్టర్‌లో, తండ్రి బట్టలకి రంగులద్దేవాడు. ఆడమనిషిరా! మొగుడు వదిలేసిపోయాడు, పసిబిడ్డ చచ్చిపోయింది, బావ బట్టలు తొడుక్కుని జేమ్స్ గ్రే అని ఆయన పేరే పెట్టుకుని మెరైన్లలో (ఓడల మీద వెళ్లి పోరాడే సిపాయిల్లో) చేరింది, ఓడెక్కి మన సముద్రం దాకా వచ్చింది, 1748లో పాండిచ్చేరి ముట్టడిలో దెబ్బలు తింది. తిరిగెళ్లాక నిజం చెప్పి, సైన్యాధిపతి కంబర్లాండ్ డ్యూక్‌కి అర్జీ పెట్టుకుని పెన్షన్ సాధించింది. మనం పాండిచ్చేరి బీచ్‌లో ఆ రాత్రంతా కూర్చున్నామే, వేరుశెనక్కాయల బండి... సరే, అది మళ్లీ.

అసలు నీకు చెప్పాల్సింది వేరే ఉంది. ఈ పెన్షన్ నెలనెలా వచ్చేది కాదు. ఏడాది గడిచాక, పాతబాకీలా ఒకేసారి. అప్పటిదాకా ఏం తినాలి? అందుకే వడ్డీవాళ్లు కాచుకుని కూర్చునేవాళ్లు, రాబోయే పెన్షన్ మీద కొంచెం డబ్బిచ్చి అసలంతా మింగేసేవాళ్లు. తెగిన కాలు వాడిది, దానిమీద ఆదాయం వీళ్లది. ఇది చదవగానే మీ తాతయ్య పెన్షన్ పుస్తకం ఎదురింటాయన ఇనప్పెట్టెలో ఉండటం, నువ్వూ నేనూ ఆరో తరగతిలో ఆ గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడటం, ఆయన లెక్క చూసి మిగిలిన చిల్లర మాత్రం తాతయ్య చేతిలో పెట్టడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. తాతయ్య ఆ చిల్లర లెక్కపెట్టేవారు కాదు, జేబులో వేసుకుని మనకి నిమ్మతొనలు కొనిపెట్టేవారు.

1754లో విలియం పిట్ (సైన్యం జీతాల ఖజానా ఆయన చేతిలోనే ఉండేది) పార్లమెంటులో బిల్లు పెట్టాడు: పెన్షన్ ఆరు నెలలకోసారి, అదీ ముందుగానే ఇవ్వాలి, పెన్షన్ తాకట్టు పెడితే ఆ కాగితం చెల్లదు. చట్టమైంది. చెల్లదు అన్న ఆ మాట దగ్గర చాలాసేపు ఉండిపోయానురా. రెండొందల ఏళ్ల ముందే ఒకడు ఆలోచించి ఆపాడు, మనూళ్లో ఆ ఇనప్పెట్టెని ఆపినవాడు ఒక్కడూ లేడు. కోపమో దుఃఖమో తెలియడం లేదు.

హానాకి 1785లో పెన్షన్ పెంచారు, 1792లో పోయింది, చెల్సీలోనే పూడ్చారు. ఈసారి వెళ్తే ఆవిడ కోసం...

చంటిది లేచింది, గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ పెన్షన్ పుస్తకం మీ అత్తయ్య దగ్గర ఉంటే ఫొటో తీసి పంపరా, మొదటి పేజీ చాలు.

నీ
బుజ్జి