కథ చదవండి, రాసినవాళ్ల పేరూ చదవండి

సంపాదకులకు నమస్కారం.

తెలుగువాళ్లు కథలు చదవడం తగ్గించి వినడం మొదలుపెట్టారని ఈమధ్య మీ ఆదివారం సంచికలో పెద్ద వ్యాసం వేశారు. వంట చేస్తూ, బస్సులో పోతూ, రాత్రి లైటు తీసేశాక దుప్పటి కప్పుకుని యూట్యూబ్‌లో కథలు వింటున్నారని రాశారు. నిజమే. గొంతుల గురించి రాశారు, ఛానెళ్ల గురించి రాశారు, ఎవరికి ఎంతమంది సబ్‌స్క్రైబర్లున్నారో రాశారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎలాంటి మైకు కొనుక్కోవాలో కూడా చెప్పారు. ఆ కథలు ఎక్కణ్ణించి వస్తున్నాయో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ముక్క చెబుదామనే ఈ ఉత్తరం. పొడుగైందనిపిస్తే నా గురించి రాసుకున్నది కత్తిరించండి, ఛానెల్ సంగతి మాత్రం ఉంచండి.

నాది చీరాల. డీటీపీ, జిరాక్సు షాపు. పెళ్లి కార్డులు, దస్తావేజులు, కాలేజీ పిల్లల రికార్డులు, పగలంతా ఇదే పని. ఊళ్లో ఎవరైనా కవితల పుస్తకం వేసుకుంటే దానికి పేజీలు కట్టేదీ నేనే. ఇంతమందివి టైపు చేశాక నావి కూడా చేసుకుందామనిపించి కథలు రాయడం మొదలుపెట్టాను. కొన్ని పత్రికలు వేసుకున్నాయి. చాలావాటికి జవాబే రాలేదు, అది మామూలే. నవల దగ్గరికొచ్చేసరికి అసలు చిక్కు వచ్చింది. వారపత్రికలు ఒక్కొక్కటే మూతబడ్డాయి, సీరియల్ పంపుదామంటే అడ్రసు లేదు. అమెజాన్ కిండిల్‌లో 2016లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చాయి, ఆ ఐదింట్లో తెలుగు లేదు. అచ్చు వేయిద్దామంటే కాగితం ధర నాకంటే బాగా ఎవరికి తెలుసు? అందుకని ఫేస్‌బుక్‌లో వారానికో భాగం పెట్టుకుంటూ పోయాను.

ఆన్‌లైన్‌లో రాసేవాళ్లంటే లైకుల కోసం రాసేవాళ్లని పెద్దవాళ్లకు చిన్నచూపు. అందులో కొంత నిజం లేకపోలేదు. నువ్వు నాది అద్భుతం అను, నేను నీది అద్భుతం అంటాను అనే బేరం మా గ్రూపుల్లో బాగానే నడుస్తుంది. పెట్టిన నిమిషానికే పూలగుత్తి బొమ్మ పెట్టేవాళ్లున్నారు. ఇరవై పేరాలు నిమిషంలో ఎలా చదివారో ఆ దేవుడికే తెలియాలి. వాళ్లను తీసేస్తే మిగిలేది కొద్దిమంది. ఆ కొద్దిమంది నాకు చేసిన పని ఏ సంపాదకుడూ చేయలేడు. మీరేమీ అనుకోకండి.

నా నవల గుంట మగ్గం నేసే ఇంటి కథ. మా వీధంతా ఒకప్పుడు మగ్గాలే. వానాకాలం వస్తే గుంటలో నీళ్లు ఊరతాయి. కాళ్లు పెట్టి తొక్కుపలకలు తొక్కాల్సిన చోట మోకాళ్ల దాకా నీళ్లుంటే నేత ఆగిపోతుంది. మగ్గం మీద నిలువుగా సాగే పడుగు నూలు చెమ్మగిలుతుంది, నేత ఆగితే కూలీ ఆగుతుంది. ఆ భాగం పెట్టిన రాత్రి మంగళగిరి నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు. "అక్కా, నీళ్లు ఎత్తిపోసినంత మాత్రాన సరిపోదు. మా అమ్మ బొగ్గుల కుంపటి రాజేసి గుంటలో దించేది. గోడలు ఆరేదాకా అది అక్కడే. మేం పిల్లలం చుట్టూ కూర్చుని చేతులు కాచుకునేవాళ్లం. ఒకసారి మా తమ్ముడు అందులో చిలగడదుంప వేశాడు, ఇల్లంతా వాసన. ఆ రోజు కూలీ లేకపోయినా మాకు పండగే." నాకు మగ్గం తెలుసుగానీ ఈ కుంపటి తెలియదు. ఆవిణ్ణి అడిగి, ఆవిడ సరేనన్నాకే తర్వాతి భాగంలో పెట్టుకున్నాను. చిలగడదుంపతో సహా. కింద ఆవిడకు కృతజ్ఞత కూడా రాశాను. పేరు వద్దన్నారు కాబట్టి మంగళగిరి చెల్లెలు అని రాశాను.

ఇంకో పాఠకుడు షోలాపూర్‌లో ఉంటాడు. వాళ్ల తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి అక్కడికి మగ్గం పనికి వెళ్లారు. షోలాపూర్, భివండీలలో అలాంటి పద్మశాలీ కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు, బడిలో మరాఠీ చదివారు. ఆ అబ్బాయికి తెలుగు అక్షరాలు రావు. ఎవరో నా పోస్టు షేర్ చేస్తే వాళ్ల మామయ్య చదివి వినిపించాడట. నాకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు. వాళ్ల నాన్న సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద పనిచేసి చెవులు మందగించి ఇంట్లో కూర్చున్నాడని, మామయ్య ఊరికి వెళ్లిపోయాడని, మిగతా కథ చదివిపెట్టేవాళ్లు లేరని. అప్పటినుంచి నేనే రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాను. పగలు జిరాక్సు మిషను మోతలో కుదరదు. రాత్రి షట్టరు సగం దించి, ఫ్యాను కట్టేసి, చెమటలు కక్కుతూ చదవడమే. వాళ్ల నాన్నకు హెడ్‌ఫోన్ పెట్టి సౌండు పూర్తిగా పెంచుతాడట. "మీరు మా యాసలో చదవరు, అయినా పర్లేదు" అని ఆయన కబురు పంపాడు. కోస్తా మాట ఆయనకు కొంచెం సినిమా డైలాగులా ఉంటుందట.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కథలు చదివి వినిపించడానికి నేను వ్యతిరేకిని కాదు. అక్షరాలు రానివాళ్లకి, కళ్లు కనపడనివాళ్లకి, పని చేసుకుంటూ వినేవాళ్లకి కథ చేరాల్సిందే. కళ్లు లేనివాళ్ల కోసం లాభాపేక్ష లేకుండా ఆడియో చేస్తే రచయిత అనుమతి కూడా అక్కర్లేదని కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ తెచ్చారు. మంచి సవరణ. దాని మీద ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

ఇక అసలు సంగతి. ఒకరోజు మంగళగిరి ఆవిడే ఫోను చేసి, "అక్కా, మా అమ్మ కుంపటిని ఎవడో మగగొంతు చెప్తున్నాడు, నువ్వు ఇచ్చావా?" అని అడిగారు. నేనెవరికీ ఇవ్వలేదు. లింకు పంపారు. ఒక యూట్యూబ్ ఛానెల్. పేరు ఇక్కడ రాయను. నా నవల భాగాలు వరసగా పెట్టేశారు. పేరు మార్చారు, పైన ఏడుస్తున్న ఒక పెద్దాయన బొమ్మ పెట్టారు, అదీ కంప్యూటరు గీసిందే. గొంతు కూడా మనిషిది కాదు. కామా దగ్గర ఆగదు, ఆగకూడని చోట ఆగుతుంది. అచ్చు అతికే మనిషి, అంటే పాత పడుగు పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతికే మనిషి గురించి రాసిన చోట వార్తలు చదివినట్టు చదివింది. రచయిత పేరు ఎక్కడా లేదు, వీడియోలోనూ లేదు, కింద వివరాల్లోనూ లేదు. అన్నిటికంటే నవ్వొచ్చిందేమిటంటే, ఒక భాగం చివర నేను పాఠకుల కోసం "ఈ వారం కరెంటు సరిగ్గా లేక భాగం చిన్నదైంది, సర్దుకోండి" అని రాశాను. ఆ మిషను గొంతు అది కూడా కథలో భాగమనుకుని గంభీరంగా చదివేసింది. కింద కామెంట్లలో ఒకాయన "ముగింపు అర్థం కాలేదు" అని రాశాడు. పాపం ఆయన తప్పేముంది.

నా పాఠకులు ఊరుకోలేదు. ఇది ఫలానా ఆవిడ రాసింది అని కింద వరసగా కామెంట్లు పెట్టారు. ఛానెల్ వాళ్లు కామెంట్లు ఆపేశారు. అందరూ కలిసి రిపోర్టు కొట్టారు. ఏమీ జరగలేదు, జరగదు కూడా. కాపీరైటు ఫిర్యాదు హక్కుదారుగానీ, హక్కుదారు అధికారం ఇచ్చిన మనిషిగానీ పెడితేనే చెల్లుతుంది. వందమంది అభిమానులు బటన్ నొక్కితే చెల్లదు. ఇది రాసేవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. ఇంకోటి. సినిమా పాట ఎవరైనా ఎత్తేస్తే యూట్యూబ్ మిషను దానంతటదే పట్టేస్తుంది, ఎందుకంటే ఆ పాట రికార్డింగు ముందే దాని దగ్గర ఉంటుంది. కథ అలా కాదు. అక్షరాల్లో ఉన్నదాన్ని ఇంకో గొంతు చదివితే పోల్చుకోవడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. పట్టుకోవాల్సింది మనమే, లేదా కుంపటి గుర్తుపట్టిన మన పాఠకులే.

ఫిర్యాదు ఫారంలో అసలు పేరు, చిరునామా, ఫోను ఇవ్వాలి. మనం ఎవరి మీద ఫిర్యాదు చేస్తున్నామో వాళ్లకి మన పేరు వెళ్తుంది. కలం పేరుతో, ఇంట్లో తెలియకుండా రాసుకునే ఆడవాళ్లు మా గ్రూపులో ఎంతమందో ఉన్నారు. వాళ్లు ఇక్కడే ఆగిపోతారు. అవతలివాళ్లు "ఇది మాదే" అని ఎదురు నోటీసు ఇచ్చారంటే, పది పనిదినాల్లోపు మనం కోర్టుకెళ్లినట్టు చూపించాలి, లేకపోతే వీడియో మళ్లీ పైకి రావచ్చు. మన 2013 కాపీరైట్ నిబంధనల దారిలో వెళ్లినా అంతే. ఫిర్యాదు అందాక 36 గంటల్లో తీయాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. పెద్ద నిర్మాతలకు ఇది ఒక లాయరు పని. డీటీపీ షాపు మూసుకుని కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారు? ఆ నవల మీద నాకు పైసా రాలేదు, లాయరు ఫీజు ఎక్కణ్ణించి తేను?

మా రచయితల వాట్సాప్ గ్రూపులో ఈ విషయం పెడితే రకరకాలుగా మాట్లాడారు. "ఊరికే పబ్లిసిటీ వస్తోంది కదా, వదిలెయ్" అని ఒకాయన. పేరే లేనప్పుడు ఎవరికి పబ్లిసిటీ అని అడిగితే చప్పుడు లేదు. "ఫేస్‌బుక్‌లో పెట్టావంటే ఊరందరికీ ఇచ్చేసినట్టేగా" అని ఇంకొకరు. ఈ మాట చాలామంది నమ్ముతున్నారు. ఇంటి ముందు అరుగు మీద మంచినీళ్ల కుండ పెట్టామంటే తాగి పొమ్మని, కుండ ఎత్తుకుపొమ్మని కాదు. చట్టం ప్రకారం కథ రాసిన క్షణమే హక్కు పుడుతుంది, రిజిస్టర్ చేయించాల్సిన పని కూడా లేదు. జనానికి వినిపించే హక్కు 14వ సెక్షన్‌లో రచయితకే ఇచ్చారు. అది డబ్బుకు అమ్మేసుకున్నా సరే, ఇది నేను రాశాను అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయిత దగ్గరే ఉంటుంది. 1957 నాటి చట్టం ఇది, యూట్యూబ్ వచ్చాక పుట్టింది కాదు.

గ్రూపులో ఒక పెద్దావిడ ఉన్నారు, విజయవాడ ఆకాశవాణిలో ఒకప్పుడు కథలు చదివినావిడ. తన పెట్టెలోంచి ఒక పాత కాగితం ఫోటో తీసి పెట్టారు. రేడియో వాళ్లు పంపిన కాంట్రాక్టు. కథ పేరు, ప్రసారమయ్యే తేదీ, ఇచ్చే పారితోషికం అన్నీ టైపు చేసి ఉన్నాయి, కింద ఆవిడ సంతకం. మొత్తం చిన్నదే. కానీ ముందు అడిగారు, తర్వాత చదివించారు, తర్వాత డబ్బు పంపారు, కథకు ముందు పేరు చెప్పారు. గ్రూపులో కుర్రవాళ్లు ఆ కాగితాన్ని మ్యూజియం వస్తువు చూసినట్టు చూశారు.

పద్ధతిగా నడిపే ఛానెళ్లు లేవని అనడం లేదు. హైదరాబాద్‌లో ఒకమ్మాయి నాకు మెసేజ్ పెట్టి, నా చిన్న కథ ఒకటి చదువుతానని అడిగింది. మగ్గం మాటలు ఎలా పలకాలో తెలుసుకోవడానికి ఫోను చేసింది. ఆసు, కండె, పేక అన్నీ రాసుకుంది. కథ మొదట్లో నా పేరు చెప్పింది. డబ్బులేమీ రావడం లేదని, వస్తే చెప్తానని నిజం చెప్పింది. షోలాపూర్ పెద్దాయన అది విని "ఈ పిల్ల బాగా చదువుతుంది, నీకంటే" అన్నాడు. కథ అడగడానికి పట్టేది ఒక మెసేజ్, అంతే. దానికి కూడా ఓపిక లేనివాళ్లు గంటల గంటల వీడియోలు ఎలా పెడుతున్నారో తెలియడం లేదు. ఆ పని మిషను చేస్తోంది కాబట్టి కాబోలు.

కాబట్టి సంపాదకులకు నా విన్నపం. మీరు మళ్లీ ఆడియో కథల గురించి రాస్తే, మీరు మెచ్చుకునే ఛానెల్ ఏ రచయితల కథలు చదువుతోంది, వాళ్లను అడిగి చదువుతోందా అని ఒక్క ప్రశ్న వేయండి. మీ విలేఖరికి అది ఒక ఫోను కాల్ పని. మొన్నటి వ్యాసంలో మీరు పేర్లు రాసిన ఛానెళ్లలో కొన్నిటి వీడియోల కింద వెతికాను, రచయిత పేరు కనపడనివి ఉన్నాయి. అలాంటివాటికి మీ పేజీలో చోటు దొరికితే, వాళ్లు చేసేది సరైనదేనని చదివేవాళ్లు అనుకోరా? అలాగే మీ ఆదివారం కథల కింద, ఈ కథను ఆడియోగా వాడుకోవాలంటే రచయితను సంప్రదించండి అని ఒక లైను వేయండి. కొత్తగా ఛానెల్ పెట్టే కుర్రవాళ్లలో చాలామందికి అడగాలని తెలియదు. తెలిస్తే అడుగుతారని నా నమ్మకం.

ఇట్లు,
ఒక కథా రచయిత్రి,
చీరాల.

మనవి: పేరు కోసం ఇంత రాసి చివర పేరు రాయలేదేమని అడుగుతారేమో. ఆ ఛానెల్ మీద ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు, అందుకని అచ్చులో వేయొద్దంటున్నాను. నా పేరు, ఫోను నంబరు ఈ ఉత్తరం వెనకాల రాశాను. మీ విలేఖరి ఆ వ్యాసం రెండో భాగం రాయదలిస్తే సాయంత్రం ఏడు దాటాక ఫోను చేయమనండి, అప్పటిదాకా షాపులో రద్దీ.