రేవులో పెట్టిన దీపం

సఖినేటిపల్లి,
2025 ఆగస్టు 7

అమ్మడూ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. రేపు వరలక్ష్మీ వ్రతం కదా, శనగలు నానబెట్టి, పని ముగించుకుని కూర్చున్నాను. నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

"ఈ వయసులో వానలో కొవ్వొత్తి పట్టుకుని నిలబడితే అక్కడెక్కడో యుద్ధం ఆగుతుందా అమ్మా?" అన్నావు. నా మీద బెంగతోనే అన్నావు. ఎవరో పంపిన వీడియో చూసి, "అందరూ ఏదో చెప్తున్నారు, నువ్వొక్కదానివే ఏమీ అనకుండా నిలబడ్డావేం?" అని కూడా అడిగావు. ఆ రెండో ప్రశ్నకు జవాబు పెద్దది.

నిన్న హిరోషిమా మీద అణుబాంబు వేసిన రోజు. 1945 ఆగస్టు 6 పొద్దున్న 8 గంటల 15 నిమిషాలకు వేశారు. ఆ ఏడాది చివరికల్లా సుమారు 1,40,000 మంది చనిపోయారు. ఇది 80వ ఏడు. ఏటా ఆ సాయంత్రం అక్కడివాళ్లు చనిపోయినవాళ్ల కోసం నదిలో కాగితపు లాంతర్లు వదులుతారని మన రిటైరైన మాష్టారు చెప్పారు. గాజాలో, ఉక్రెయిన్‌లో యుద్ధాలు ఆపాలని కోరుతూ మనమూ గోదావరిలో దీపాలు వదులుదామన్నారు. నేను నాలుగింటికే పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లాను. వరద పెరిగితే పంటు ఆపేస్తారేమోనని ఒకటే టెన్షన్. వలంధర రేవులో నలభై మందిమి ఉంటాం. చర్చి ఆడవాళ్లు వచ్చారు, మసీదు పెద్దాయన ఒకరు వచ్చారు, నాతో కలిసి లేసు అల్లిన ఇద్దరు వచ్చారు. మైకు లేదు, నినాదాలు లేవు. గంటసేపు ఊరికే నిలబడ్డాం. తర్వాత అరటి దొప్పల్లో దీపాలు పెట్టి వదిలాం. కార్తీక మాసంలోలా వరసగా సాగలేదు. ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి, కొన్ని మెట్ల దగ్గరే మునిగిపోయాయి.

యుద్ధం మనకు దూరం అనుకుంటున్నావు. మా తాతయ్య కాకినాడ రేవులో బస్తాలు మోసేవాడు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. తాతయ్య కట్టుబట్టలతో ఈ లంకకు వచ్చేశాడు, మళ్లీ ఆ రేవు మొహం చూడలేదు. నా చిన్నప్పుడు కూడా, ఆకాశంలో విమానం మోత వినిపిస్తే అరుగు మీంచి లేచి ఇంట్లోకి వెళ్లిపోయేవాడు. అదే జపానులో, హిరోషిమాలో పోయిన పిల్లల కోసమే నిన్న నేను దీపం పట్టుకున్నాను. తాతయ్య ఉంటే వద్దనేవాడు కాదు. ఆ మోత తెలిసిన మనిషి కదా.

ఇక కువైట్ సంగతి. అక్కడ పని చేశానని నీకు తెలుసు, ఎలా తిరిగొచ్చానో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. లేసు అల్లితే వచ్చే డబ్బు ఇంటికి చాలక 1988లో ఇంటి పనికి వెళ్లాను. 1990 ఆగస్టు 2 తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. మూడో రోజుకి మా యజమాని కుటుంబం కారెక్కి సౌదీకి వెళ్లిపోయింది. నన్ను తీసుకెళ్లలేదు. మన గోదావరి జిల్లాల ఆడవాళ్లం పదకొండు మందిమి ఒక గదిలో చేరాం. ఫోన్లు లేవు, ఉత్తరాలు లేవు. కువైట్ దీనారును ఇరాక్ దీనారుతో సమానం చేసేశారు, రెండేళ్లు కూడబెట్టిన నా డబ్బు చిత్తుకాగితమైపోయింది. రొట్టె కోసం చీకటితో లేచి లైన్లో నిలబడేవాళ్లం.

సెప్టెంబరులో బస్సు దొరికింది. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ వెళ్లాలి. బస్రా రోడ్డు మీద ఒకచోట ఇరాక్ సైనికులు బస్సు ఆపారు. తుపాకీ పట్టుకుని లోపలికి వచ్చినవాడికి ఇంకా మీసం కూడా సరిగ్గా రాలేదు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నా సంచీ వెతికి, నీళ్ల సీసా చూసి, తీసుకోకుండా అలాగే నిలబడ్డాడు. నేనే ఇచ్చాను. సగం తాగి, మూత పెట్టి, తిరిగి నా ఒళ్లో పెట్టాడు. లాక్కుంటే అడిగేవాళ్లు ఎవరూ లేరు అక్కడ.

జోర్డాన్ సరిహద్దులో గుడారంలో పడుకున్నాం. పగలు ఎండ, రాత్రి చలి, ఒళ్లంతా ఇసుక. మనల్ని అందరూ మరిచిపోయారే అనిపించేది నాకు. మరిచిపోలేదు. రెండు నెలల్లో ఎయిర్ ఇండియా 488 విమానాలు నడిపి సుమారు 1,70,000 మందిని తీసుకొచ్చింది, వాళ్లలో నేనొకదాన్ని. అమ్మాన్ నుంచి బొంబాయి, అక్కణ్ణుంచి రైళ్లు మారి నరసాపురం.

పంటు దిగగానే సరంగు నన్ను చూసి ఏడ్చేశాడు. నేను బతికున్నానో లేదో తెలియని ఆ రోజులన్నీ అమ్మమ్మ సాయంత్రం ఆఖరి పంటు వేళకి రేవుకి వచ్చి, మెట్టు మీద దీపం పెట్టి, దిగేవాళ్లందరినీ చూసి వెళ్లేదట. వాన కురిస్తే గొడుగు కింద దీపం పెట్టి, తను తడుస్తూ నిలబడేదట. "దానివల్ల ఏమవుతుందని పెట్టావమ్మా?" అని నేనూ నీలాగే అడిగాను. "ఏమోనే, ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు" అంది. ఆ గుడారంలో ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి, మీ అమ్మ రేవులో దీపం పెడుతోందని చెప్పి ఉంటే, ఆ ఒక్క రాత్రయినా నాకు నిద్ర పట్టేది.

గాజాలో ఇప్పటికి 22 నెలలు. చనిపోయినవాళ్లు 60,000 దాటారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క. గిన్నెలు పట్టుకున్న పిల్లల్ని టీవీలో చూస్తుంటే నాకు ఆ రొట్టెల లైను గుర్తొస్తుంది, అన్నం దిగదు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు. బందీలుగా పట్టుకుపోయిన వాళ్ల అమ్మలు ఇంకా రోడ్ల మీద నిలబడి అడుగుతున్నారు. జెరూసలేంలో 1988 నుంచి కొందరు ఆడవాళ్లు శుక్రవారం శుక్రవారం నల్లబట్టలు కట్టుకుని, తమ ప్రభుత్వం చేస్తున్నది తప్పని నిలబడి చెప్తున్నారట. దారిన పోయేవాళ్లు తిట్టినా మానలేదు. నన్ను ఇక్కడ ఎవరూ తిట్టలేదు కదా అమ్మడూ, తడిశానంతే.

నిలబడి ఊరుకోలేదు, ప్రధానమంత్రికి పంపే అర్జీ మీద సంతకాలు కూడా పెట్టాం. ఐక్యరాజ్యసమితిలో 2023 డిసెంబరులో కాల్పులు ఆపాలని ఓటేసిన మన దేశం, మొన్న జూన్‌లో అదే మాట మళ్లీ వస్తే ఎటూ ఓటెయ్యకుండా ఉండిపోయింది. నాకది నచ్చలేదు. విమానాలు పంపి నన్ను తెచ్చుకున్న దేశం ఇలా ఊరుకోకూడదు.

ఇక వీడియో సంగతి. దీపం వదిలేటప్పుడు ఎవరైనా ఒకరి పేరు పైకి చెప్పమన్నారు మాష్టారు. అందరూ చెప్పారు. 1991 ఫిబ్రవరి చివర్లో కువైట్ వదిలి వెనక్కి పోతున్న ఇరాక్ సైనికుల మీద, అదే బస్రా రోడ్డు మీద, అమెరికా విమానాలు బాంబులు వేశాయి. కాలిపోయిన లారీల, కార్ల ఫొటో పేపర్లో చూసి, ఆ రోజంతా లేసు సూది పట్టుకోలేకపోయాను. ఆ పిల్లాడు ఇల్లు చేరాడో లేదో. అప్పటికి రెండేళ్లుగా అరబ్బీ మాట్లాడుతున్నాను, పేరేంటని అడగడం నాకు వచ్చు. అడగలేదు. నిన్న దీపం వదులుతూ నేను పలకలేకపోయింది అందుకే.

సెప్టెంబరు 3, బుధవారం మళ్లీ నిలబడతాం, సాయంత్రం ఆరింటికి. వినాయక చవితికి వస్తావు కాబట్టి సెలవు పెంచుకోగలవేమో చూడు. నాతో పంటు ఎక్కుదువుగాని. వేళకు తిను.

అమ్మ