ప్రజ్ఞాలబ్ధి అంకెతో బిడ్డ భవిష్యత్తును తేల్చవద్దు

సంపాదకులకు,

ఒక బిడ్డ ప్రజ్ఞాలబ్ధి (ఐ.క్యూ., అంటే తెలివితేటల పరీక్షలో తేలిన అంకె) ఇంత అని కాగితం మీద రాసి ఇవ్వగానే, ఆ అంకెను బట్టి ఆ బిడ్డ ఏం చదవగలదో, ఎంతవరకు ఎదగగలదో తేల్చేసే ధోరణి మీద నా అభ్యంతరాన్ని తెలియజేయడానికి ఈ లేఖ రాస్తున్నాను. ప్రజ్ఞా పరీక్షలు పనికిరానివని నేను అనడం లేదు. వాటికి తెలియని సంగతులను కూడా వాటిచేత చెప్పిస్తున్నామన్నదే నా ఆవేదన.

1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ తొలి ప్రజ్ఞామాపనిని రూపొందించింది బడిలో వెనకబడిన పిల్లలను గుర్తించి, వారికి తగిన బోధన అందించడానికే. ప్రజ్ఞ పెంచడానికి వీలులేని స్థిర పరిమాణమన్న వాదాన్ని బినే 1909లోనే క్రూరమైన నిరాశావాదమని నిరసించాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది, 1912లో, మనస్తత్వవేత్త విలియం స్టెర్న్ మానసిక వయస్సును (అంటే బిడ్డ జవాబులు ఏ వయస్సు పిల్లల స్థాయిలో ఉన్నాయో ఆ వయస్సును) అసలు వయస్సుతో భాగించే పద్ధతిని ప్రతిపాదించాడు. ప్రజ్ఞాలబ్ధి అంకె పుట్టింది అలాగే. సాయం కోసం పుట్టిన పరీక్ష అటుపై చాలాచోట్ల వడపోతకు సాధనమైపోయింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం పెట్టిన పరీక్షలో అక్కడి సరుకుల పేర్ల మీద కూడా ప్రశ్నలు ఉన్నాయి. ఆ దేశానికి కొత్తగా వలస వచ్చినవాడు అవి చెప్పలేకపోతే అది తెలివి తక్కువతనమెలా అవుతుంది?

జోస్యం విషయానికి వస్తే, 1921లో అమెరికా మనస్తత్వవేత్త లూయీ టెర్మన్ అత్యధిక ప్రజ్ఞాలబ్ధి గల 1,500 మందికి పైగా పిల్లలను ఎంచుకొని దశాబ్దాల తరబడి పరిశీలించాడు. పరీక్ష రాసి కూడా ఆ జాబితాకు ఎక్కలేకపోయిన ఇద్దరు బాలురు, విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్, తరువాత 1956లో ఒకరు, 1968లో ఒకరు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇవి కేవలం మినహాయింపులని కొట్టిపారేయవచ్చు. అయితే ప్రజ్ఞాలబ్ధికీ బడి మార్కులకూ మధ్య సాధారణంగా చెప్పే సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే కొలత; పూర్తి పొంతనకు 1, ఏ పొంతనా లేకపోతే 0) 0.5 దరిదాపుల్లోదే, దాన్ని దానితోనే గుణిస్తే 0.25, అంటే మార్కుల్లోని తేడాల్లో సుమారు నాలుగో వంతుకే ఆ అంకెతో లెక్క కుదురుతుంది. వేలమంది సగటుకు పనికివచ్చే ఈ సంబంధాన్ని ఎదురుగా కూర్చున్న ఒక్క బిడ్డకు తీర్పుగా చదవడం గణితశాస్త్రమే ఒప్పుకోని పని.

పైగా ఆ అంకె కూడా ఒక అంచనాయే. నిద్ర చాలకపోయినా, భయపడినా, పరీక్ష భాష ఇంటి భాష కాకపోయినా మారుతుంది. పరీక్ష ఫలితం మేధో వైకల్యానికి హద్దుగా పెట్టిన 70 దాటిందన్న ఒక్క కారణంతో, మరణశిక్ష పడిన ఖైదీ ఆ శిక్షను తప్పించగల తన మేధో వైకల్యానికి ఇతర ఆధారాలు చూపే అవకాశాన్ని నిరాకరించడం చెల్లదని, కొలతలోని దోషాన్ని గుర్తించాల్సిందేనని అమెరికా సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. ప్రాణం విషయంలో పాటించాల్సిన ఈ జాగ్రత్త చదువు విషయంలో ఎందుకు అక్కరలేదు?

కనుక ఈ పరీక్షలు జరిపేవారు ఒంటరి అంకెకు బదులు, దోషాన్ని కలుపుకొని ఎంత నుంచి ఎంతవరకు ఉండవచ్చో రాసి ఇవ్వాలి. ఆ బిడ్డను రోజూ చూసే ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల పరిశీలనను దానికి జతచేయాలి. కొంతకాలానికి మళ్లీ పరీక్షించకుండా ఏ బిడ్డనూ ఏ తరగతికీ శాశ్వతంగా కేటాయించకూడదు.

భవదీయుడు,
ఒక ఉపాధ్యాయుడు