మా కొలనులు ఎందుకు కారుతున్నాయంటే

మా చేత పెరట్లో కొలను, వాటర్‌ఫాల్ కట్టించుకున్న అందరికీ నమస్కారం.

ఉన్నమాట ముందే చెప్పేస్తాం. గత అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు హైదరాబాద్‌లోనూ చుట్టుపక్కలా మేం కట్టిన ఏడు కొలనుల్లో నాలుగు కారుతున్నాయి. ఎండకు నీళ్లు ఆవిరైపోతున్నాయేమో అని మీలో కొందరు సర్దుకుపోయారు. అది ఎండ పని కాదు. ఏప్రిల్, మే నెలల్లో కూడా నీడలేని కొలనులో ఆవిరయ్యేది రోజుకు దాదాపు ఒక సెంటీమీటరు. వాటర్‌ఫాల్ చిందులు కలుపుకున్నా ఒకటిన్నర. ఆ నాలుగింట్లో దిగుతున్నది రెండు నుంచి మూడు అంగుళాలు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న కొలనులో మూడు అంగుళాలంటే 560 లీటర్ల పైమాటే. వేసవిలో బోరు మోటారు వేసి రోజూ అన్ని నీళ్లు నింపుకున్నారంటే ఆ భారం మా వల్ల మీ మీద పడింది.

కారణం లైనర్, అంటే నీళ్లు ఇంకకుండా గొయ్యిలో పరిచే రబ్బరు పొర, కాదు. లైనర్ కిందా పైనా పరిచిన ఫెల్ట్ గుడ్డ (పీచును అదిమి చేసిన మందపాటి గుడ్డ), దాని మీద కూర్చున్న రాయి అంచు. ఈ రెండూ మా చేతి మీదుగా వచ్చినవే.

మేం కట్టే కొలనులో గొయ్యి అడుగున దిమ్మిస కొట్టిన మొరం ఉంటుంది. దాని మీద ఫెల్ట్, ఆపైన 1.14 మిల్లీమీటర్ల ఈపీడీఎం రబ్బరు లైనర్, మళ్లీ ఫెల్ట్, చివరికి రాళ్లు. ఈ రబ్బరు బాగా సాగుతుంది, ఎండకు త్వరగా చెడదు, నేల కాస్త కుంగినా తనూ కుంగి సర్దుకుంటుంది. దానికి పడనిది ఒక్కటే, ఒకేచోట పడే బరువు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు మందం ఉన్న గ్రానైటు బండ సుమారు 225 కిలోలు తూగుతుంది. చదునుగా కూర్చుంటే ఆ బరువు చదరపు అడుగుల మీద పరుచుకుంటుంది. మూడు మొనల మీద నిలబడితే ఒక్కో మొన కింద 75 కిలోలు, అదీ రూపాయి బిళ్లంత చోట. అక్కడ రబ్బరుకీ రాతికీ మధ్య ఉన్నది ఫెల్ట్ ఒక్కటే. అందుకే దాని మందం విషయంలో మేం ఎప్పుడూ తగ్గం. చదరపు మీటరుకు 400 గ్రాముల పాలీప్రొపిలీన్ గుడ్డ అడుగుతాం, దానికే డబ్బు కడతాం.

ఈసారి కూడా 400 గ్రాములదే అడిగాం. బిల్లు మీద 400 అనే ఉంది, చుట్టకు అంటించిన కాగితం మీదా 400 అనే ఉంది. మొదటి కొలను విప్పినప్పుడు ఆ గుడ్డ తడిసిన చోట చేత్తో లాగితే చిరిగింది. మిగిలిన చుట్టలోంచి యాభై సెంటీమీటర్లకు యాభై సెంటీమీటర్ల ముక్క కోసి వంటింటి కాటా మీద పెట్టాం. చదరపు మీటరులో నాలుగో వంతు కాబట్టి 100 గ్రాములు ఉండాలి. 46 గ్రాములు తూగింది. అంటే 184 గ్రాముల గుడ్డ, సగం కూడా కాదు. వెలుతురుకు పట్టి చూస్తే రంగురంగుల పోగులు. పాత బట్టల పీచు కలిపి అదిమిన సరుకులోనే అలా కనిపిస్తాయి. కొత్త పీచుతో చేసింది ఒకే రంగులో ఉంటుంది, పొడిగా ఉన్నా తడిసినా లాగితే సాగుతుంది తప్ప పిగిలిపోదు.

ఆ సరఫరాదారు మాకు కొత్తవాడు కాదు. ఇంతకుముందు అతని గుడ్డతోనే చాలా కొలనులు కట్టాం, అవన్నీ నిలిచే ఉన్నాయి. కాటా మీద ముక్కను చూపిస్తే "ఊళ్లో అందరూ ఇదే వాడుతున్నారు, మీకొక్కరికే ఎందుకు వచ్చింది ఇబ్బంది?" అన్నాడు. మిగిలిన చుట్ట వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తానన్నాడు. చుట్ట ధర కాదు మాకు పోయింది. దాని మీద పేర్చిన ఆరేడు టన్నుల రాయి, దాన్ని పేర్చిన మేస్త్రీల రోజులు, అన్నిటికంటే మీకు ఇచ్చిన మాట. సరుకు మారిందని ఒక్క మాట చెప్పి ఉంటే రెండు మడతలు వేసుకునేవాళ్లం. ఆ మాట చెప్పకపోవడాన్ని మేం మరిచిపోలేం. ఇక అతని దగ్గర కొనం.

అయినా నింద మొత్తం అతని మీదకు నెట్టేయం. రాయి సంగతి పూర్తిగా మాది. మేం మామూలుగా వాడేది చేలల్లోంచి, ఇంటి స్థలాల్లోంచి ఏరి తీసిన గుండ్రాయి. వేల ఏళ్ల ఎండకూ వానకూ అంచులు అరిగి నున్నగా ఉంటుంది, పైన గోధుమరంగు పొర ఉంటుంది. డిసెంబరులో రెండు లారీల రాయి క్వారీ నుంచి వచ్చింది. పేల్చి తీసిన రాయి. తాజా పగులు ముఖం, బ్లేడు లాంటి అంచులు, కొన్నిటి మీద డ్రిల్లు గాడి కూడా. వెనక్కి పంపాల్సింది. పంపకుండా, ముఖం బాగున్నవి ఏరి, పగిలిన వైపు వెనక్కీ కిందికీ తిప్పి పెట్టాం. బయటికి అందంగానే కనిపించింది. లైనర్ మీద కూర్చున్నది ఆ పగులు అంచే. కారుతున్న నాలుగింట్లో మూడు ఆ రెండు లారీల రాయితో కట్టినవే.

పందికొక్కు కొరికి ఉంటుందని ఒకరు అన్నారు. అదీ చూశాం. పందికొక్కు పని అయితే చిల్లు కింది నుంచి మొదలవుతుంది, అంచులు చింపిరిగా ఉంటాయి, పళ్ల గాట్లు వరసగా కనిపిస్తాయి, కింద బొరియ ఉంటుంది. మాకు దొరికినవన్నీ పై నుంచి గుచ్చుకున్న చిన్న చీలికలు. దాదాపు అన్నీ వాటర్‌ఫాల్ మొదటి మెట్టు పాదం దగ్గరే, ఎక్కువ బరువు పడే చోటే.

మీ కొలను ఆ ఏడింటిలో లేకపోయినా అనుమానం ఉంటే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక బకెట్టులో కొలను నీళ్లే పోసి, నీళ్లలో ఉన్న మెట్టు మీద పెట్టండి. బకెట్టు లోపలి మట్టం దగ్గర ఒక గీత, బయట కొలను మట్టం దగ్గర ఒక గీత గీయండి. పంపు ఆపి 24 గంటలు ఆగండి. రెండూ ఒకేలా దిగితే అది ఎండ పని. కొలను మట్టం ఎక్కువ దిగితే చిల్లు కొలనులో ఉంది. పంపు ఆపినప్పుడు మట్టం నిలబడి, వేసినప్పుడే దిగితే చిల్లు వాటర్‌ఫాల్ దారిలో ఉంది. నీళ్లు దిగి దిగి ఒకచోట ఆగిపోతే ఆ మట్టం చుట్టూనే వెతకాలి. పంపు ఆపేముందు ఫిల్టరులోని స్పాంజీలు, లావా రాళ్లు తీసి కొలను నీళ్లలో ముంచి ఉంచండి. పారే నీళ్లు లేకపోతే వాటి మీది మంచి బ్యాక్టీరియా కొన్ని గంటల్లోనే చచ్చిపోవడం మొదలవుతుంది, మళ్లీ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలుంటే చిన్న ఎయిర్ పంపు నడుస్తూ ఉండాలి.

ఒక్కోసారి చిల్లు లేకుండానే నీళ్లు పోతాయి. లైనర్ అంచు నీటిమట్టానికి నాలుగైదు అంగుళాలు పైకి లేచి ఉండాలి. దాని మీదుగా మట్టి గానీ గడ్డి గానీ లోపలికి వాలితే, దీపం వత్తి నూనెను పీల్చినట్టు నీళ్లను బయటికి పీల్చేస్తుంది. ముందు ఆ అంచు చుట్టూ ఒకసారి చూడండి.

ఇక మేం నెల రోజులు తర్జనభర్జన పడ్డ విషయానికి వస్తాం. కారుతున్న నాలుగూ విప్పాలన్నది మొదటి రోజే తేలిపోయింది. మిగిలిన మూడింటి సంగతే తేలలేదు. అదే గుడ్డ, అదే కాలంలో కట్టినవి. మట్టం చుక్క దిగడం లేదు. చేపలు కుదురుకున్నాయి, కలువలు పూస్తున్నాయి, రాళ్ల మీద నాచు పట్టింది. బాగున్నదాన్ని ఎందుకు కెలకడం అని మా మేస్త్రీలే అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. విప్పితే నాచు చెడుతుంది, చేపలు బెదురుతాయి, ఎంత జాగ్రత్తగా పేర్చినా రాయి మునుపటిలా కూర్చోదు. విప్పకపోతే? రాయి ఏటా కాస్త సర్దుకుంటుంది, ప్రతి సర్దుబాటుకూ ఆ మొన పల్చటి గుడ్డను ఇంకొంచెం నొక్కుతుంది. అది రెండేళ్లకు చీలుతుందో ఐదేళ్లకు చీలుతుందో చెప్పలేం. చీలిననాడు మీరు మమ్మల్ని పిలుస్తారు, అప్పుడు "మాకు ముందే తెలుసు" అని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట మేం చెప్పలేం.

కాబట్టి ఆ మూడూ విప్పుతాం, కానీ పూర్తిగా కాదు. కొలను అడుగున పరిచింది నున్నటి గులకరాళ్లు. వాటి బరువు పరుచుకుని ఉంటుంది, దాని జోలికి పోం. వాటర్‌ఫాల్ మెట్లు, గట్టు వెంబడి 50 కిలోలు దాటిన ప్రతి బండ లేపి, కింద చూసి, గుడ్డ మార్చి, మళ్లీ కూర్చోబెడతాం. ఈ పని నవంబరులో. వానాకాలంలో విప్పకూడదు. కొలను ఖాళీ చేసిన సమయంలో కిందికి ఊటనీరు చేరితే లైనర్ బుడగలా పైకి లేస్తుంది, మొరం జారిపోతుంది. మే ఎండలో టబ్బుల్లో ఉంచితే చేపలు తట్టుకోలేవు. నవంబరులో రెండు బాధలూ ఉండవు. కారుతున్న నాలుగింటికి మాత్రం ఆగే వీలు లేదు. జూన్ రెండో వారంలో వానలు పట్టుకునేలోపు వాటిని పూర్తిచేస్తాం. వాన పడితే కారడం కనిపించదు, కానీ మీ గోడ పునాది వైపు నీళ్లు పోతూనే ఉంటాయి.

"ఇదంతా ఎందుకు, పై నుంచి సిమెంటు పూసేయండి" అని చాలామంది సలహా ఇచ్చారు. అందులో మా పోటీదారులూ ఉన్నారు. సిమెంటు కట్టడమైతే ఈ గొడవే ఉండేది కాదని మీలో కొందరికి ఫోన్లు కూడా చేశారట. మా జవాబు ఇది. సిమెంటు రబ్బరుకు అతుక్కోదు. పూసిన పొర కొన్నాళ్లకే పెంకులా లేస్తుంది. అసలు కొలనే సిమెంటుతో కడితే నల్లరేగడిలో పగిలే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఆ నేల వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది. పచ్చి సిమెంటులోంచి సున్నం నీళ్లలోకి దిగి పీహెచ్ 9 దాటిపోతుంది, చేపలు బతకవు. రాయిని రాయి మోస్తూ నిలబడాలి, నీళ్లను లైనర్ ఆపాలి. ఈ పద్ధతి తప్పని ఈ నాలుగు కొలనుల వల్ల రుజువు కాలేదు, పల్చటి గుడ్డ మీద పదునైన రాయి పెట్టకూడదని రుజువైంది. మేం పద్ధతి మార్చం.

మార్చేవి ఇవి. గుడ్డ ప్రతి చుట్టా మా ముందే కోసి తూస్తాం, మీరు ఉంటే మీ ముందే. లైనర్ కింద 400 గ్రాములది రెండు పొరలు, పైన ఒకటి. 50 కిలోలు దాటిన ప్రతి రాయి కింద అదనంగా ఈపీడీఎం ముక్క. అర టన్ను దాటిన బండ కింద, లైనర్‌కు అడుగున, నాలుగు అంగుళాల కాంక్రీటు పడక. పేల్చిన రాయి ఇక లారీ దిగదు. దిగిన ప్రతి బండనూ సమ్మెటతో తడతాం. ఖంగున మోగితే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులుంది. రంగు చూసి అనుమానం వస్తే ఒక చుక్క యాసిడ్ వేస్తాం. నురగ వస్తే అది సున్నపురాయి, అంటే కడప, షాబాద్ బండల జాతి. అరుగులకు అవి బంగారం. నీళ్లలో పెడితే, అసలే సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో అది ఇంకా పెరుగుతుంది, మట్టం గీత వెంబడి తెల్లటి పొర కడుతుంది.

నీళ్లు జారే పెదవి రాయిలో కూడా ఒక మార్పు చేస్తున్నాం. కొన్నిచోట్ల నీళ్లు ముందుకు పడకుండా రాయి అడుగు పట్టుకుని వెనక్కి పాకి లైనర్ అవతలికి పోతున్నాయి. ఇప్పటి నుంచి ప్రతి పెదవి రాయి కింద, అంచుకు అంగుళం లోపల, ఐదు మిల్లీమీటర్ల లోతు గాడి కొడతాం. నీళ్లు అక్కడే తెగి కింద పడతాయి. పంపు పెద్దది వేస్తే ధార బాగా వస్తుందని అడుగుతున్నవారికి ఒక మాట. పెదవి వెడల్పు ప్రతి అంగుళానికీ, పంపు నీళ్లను ఆ పెదవి ఎత్తుకు ఎక్కించాక, గంటకు 400 లీటర్లు అందితే చాలు. అంతకు మించితే పెరిగేది చిందులే.

ఏడు కొలనుల్లో దేనికీ మీరు రూపాయి ఇవ్వక్కర్లేదు. రాయి మార్చాల్సి వస్తే రాయి కూడా మాదే. ఇందువల్ల కొత్త పనులు దసరా వరకు ఒప్పుకోవడం లేదు. బయానా ఇచ్చినవారు ఆగలేమంటే వెంటనే వెనక్కి ఇచ్చేస్తాం.

మేం వచ్చే ముందు రోజు నుంచి చేపలకు మేత వేయకండి. ఖాళీ కడుపుతో ఉంటే టబ్బులో నీళ్లు పాడు చేయవు. టబ్బులు మేమే తెస్తాం, కొలను నీళ్లే నింపుతాం, పైన వల కడతాం. ప్రతి రాయికీ నంబరు చీటీ కట్టి నాలుగు వైపులా ఫొటో తీసిన తర్వాతే చైన్ పుల్లీ వేస్తాం. నాచు పట్టిన ముఖాల మీద తడి గోనెసంచులు కప్పి, గంటకోసారి తడుపుతూ, చెట్టు నీడన పెడతాం.