పిరేయస్ అంటే ఓడ ఎక్కే చోటేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో గ్రీస్ యాత్ర గురించి రాసినాయన ఏథెన్స్‌కి మూడు రోజులు, శాంటోరినికి మూడు రోజులు పంచిపెట్టి, ఏథెన్స్ పక్కనే ఉన్న రేవు పట్టణం పిరేయస్‌ని మాత్రం దీవులకు ఓడలు బయల్దేరే చోటని ఒక్క ముక్కలో తేల్చేశారు. చదివాక ఊరుకోలేకపోయాను.

తప్పు ఆయనొక్కడిదే కాదు, మొదటిసారి మేమూ అలాగే వెళ్లాం. టికెట్లు తీసిచ్చిన ఏజెంటు గేటు సంగతి చెప్పలేదు. మెట్రో దిగగానే ఎదురుగా పెద్ద ఓడలు కనిపిస్తే అందులో ఒకటి మాదే అనుకున్నాం. తీరా చూస్తే గేట్లు ఈ-1 నుంచి ఈ-12 దాకా ఉన్నాయి, మాది ఈ-1, అంటే రేవుకి అవతలి కొస. లోపల ఉచిత బస్సు తిరుగుతుందని ఎవరో చెప్పేసరికి సూట్‌కేసులు లాక్కుంటూ సగం దూరం నడిచేశాం. ఆ టెన్షన్‌లో ఊరు ఏం చూస్తాం!

రెండోసారి సామాను ఏథెన్స్ హోటల్లోనే వదిలేసి, పిరేయస్ కోసమే ఒక రోజు పెట్టుకున్నాం. ఏథెన్స్‌లోని మొనాస్టిరాకి స్టేషన్లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే దాదాపు ఇరవై నిమిషాలు. 1869లో ఆవిరి ఇంజన్‌తో మొదలైన లైను అది, ఇప్పటికీ జనం కిక్కిరిసి ఉంటారు కాబట్టి పర్సు ముందు జేబులో పెట్టుకోండి.

నేరుగా ఆర్కియాలజీ మ్యూజియానికి వెళ్లాం. 1959లో మురుగు కాలవ కోసం రోడ్డు తవ్వుతుంటే బయటపడ్డ కంచు విగ్రహాలు అక్కడున్నాయి. అపోలో, ఎథీనా, ఆర్టెమిస్ అనే గ్రీకు దేవతలవి, అన్నీ మనిషి కంటే ఎత్తు లేదా ఇంచుమించు అంత. కంచు బొమ్మల్ని కరిగించి వాడుకోవడమే పాతకాలపు అలవాటు, ఇవి మట్టిలో పడి ఉండబట్టే మిగిలాయి. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా ఈ ఊరిని తగలబెట్టినప్పుడు గోదాము కూలి, దాని కింద కూరుకుపోయాయని చాలామంది పండితుల ఊహ. ఏథెన్స్ మ్యూజియాల్లో తోసుకుంటూ చూసే నాకు ఇక్కడ అపోలో ముందు ఒంటరిగా నిలబడే వీలు దొరికింది.

ఊరికి గుర్తుగా ఒక రాతి సింహం కూడా ఉంది, కానీ అది నకలు. అసలుది 1687లో వెనిస్ వాళ్లు ఎత్తుకుపోయారు, ఇప్పటికీ అక్కడి ఆర్సెనల్ అనే పాత ఓడల కార్ఖానా గుమ్మం ముందుంది. దాని ఒంటి మీద ఉత్తర ఐరోపా నుంచి వచ్చిన వైకింగులు చెక్కిన అక్షరాలున్నాయట. చూడాలంటే వెనిస్ వెళ్లాలి, ఇదేం న్యాయమో!

అందంగా ఉంటుందని మాత్రం చెప్పను. పెద్ద రేవు ముందు రోడ్డంతా లారీలు, పొగ, హారన్లు. కానీ పిరేయస్‌కి రేవులు మూడు. కొండవైపు నడిస్తే జేయా వస్తుంది, ఇంకాస్త ముందుకెళ్తే మిక్రోలిమనో, అంటే చిన్న రేవు. గుండ్రంగా, చుట్టూ చేపల హోటళ్లతో, ఇదే ఊరా అనిపిస్తుంది. రెండున్నర వేల ఏళ్ల కిందట ఏథెన్స్ యుద్ధనౌకలు ఎక్కువగా నిలిచింది జేయా, మునీకియా రేవుల్లోనే, మునీకియానే ఇప్పటి మిక్రోలిమనో. పైన కాస్టెల్లా గుట్ట ఎక్కడానికి మోకాళ్లు కొంచెం గొణిగాయి గానీ, సాయంత్రం అక్కణ్ణుంచి ఓడలు ఒక్కొక్కటే బయల్దేరుతుంటే మా ఆయన కదలనన్నారు.

ఇంకో మాట. 2022 నుంచి బ్లూ లైన్ మెట్రో ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పిరేయస్ దాకా వస్తోంది, మీ వ్యాసంలో మొనాస్టిరాకిలో మారాలని రాశారు. మళ్లీ గ్రీస్ గురించి వేసేటప్పుడు అది సరిచేసి, పక్కన గేట్ల మ్యాపు ఒకటి అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు