ఎర్ర కొమ్మల పగడం కొన్నవాళ్లు దయచేసి ఇది చదవండి

సంక్రాంతి తర్వాత మా అక్వేరియం షాపులో కృత్రిమ పగడాల కొత్త సరుకు దిగింది. అందులో ఎర్రగా, కొమ్మలు కొమ్మలుగా, జానెడు ఎత్తుండే రకం ఒకటి ఉంది. మీలో చాలామంది అడిగి మరీ తీసుకెళ్లారు. ఉప్పునీటి ట్యాంకులో దాన్ని పెట్టుకున్నవాళ్లు ఈరోజే బయటికి తీసేయండి. మంచినీటి ట్యాంకులో ఉన్నా తీసేయండి.

పోయిన నెల సీతమ్మధార నుంచి ఒక కస్టమర్ ఫోన్ చేశారు. "క్లీనర్ ష్రింప్‌లు రెండూ చచ్చిపోయాయండీ. నత్తలు అద్దం వదిలేసి కింద పడి ఉన్నాయి. చేపలు మాత్రం బాగానే తిరుగుతున్నాయి" అన్నారు. చేపలకేమీ కాకుండా రొయ్యలూ నత్తలే పోతుంటే నాకు మొదట అనుమానం వచ్చేది రాగి మీదే. చేపలు తట్టుకునే మోతాదు కూడా వాటిని చంపేస్తుంది. ఏదైనా మందు వేశారా అని అడిగితే లేదన్నారు. కాపర్ టెస్ట్ కిట్ పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. పరీక్షలో రాగి కనిపించింది. ట్యాంకులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి చూశాం. మేం అమ్మిన ఎర్ర పగడం అడుగున సన్నటి పగులు, దాని చుట్టూ ఆకుపచ్చటి చిలుము. షాపుకి తెచ్చి రంపంతో కోశాను. కొమ్మలు నిలబడడానికి లోపల రాగి తీగ పెట్టారు.

సరుకు పంపినవాళ్లు "ఉప్పునీటికి పనికొస్తుంది" అని రాసి ఇచ్చిన మాట నిజమే. కానీ మీకు అమ్మింది నేను. నేను చేసిన పరీక్షలోనే లోపం ఉంది. ప్రతి ముక్కకీ అయస్కాంతం ఆనించి చూసేవాణ్ణి, లోపల ఇనుము ఉంటే అతుక్కుంటుందని. రాగికి అయస్కాంతం అంటదు. పైగా రంగు నిలుస్తుందో లేదో చూడడానికి షాపులో మంచినీటి ట్యాంకులోనే వేసి ఉంచాను. మంచినీటిలో నెలల తరబడి ఏమీ కాని వస్తువు ఉప్పునీటిలో వారాల్లోనే పాడవ్వచ్చు. ఈ పని 14 ఏళ్లుగా చేస్తున్నవాణ్ణి, ఆ మాత్రం ఆలోచించి ఉండాల్సింది. ఆ కస్టమర్ గారింట్లో పిల్లాడు ఆ ష్రింప్‌లకి పేర్లు పెట్టుకున్నాడు. వాడి ముఖం చూసి వచ్చాక రెండు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

ఆ ముక్క తెచ్చివ్వండి, డబ్బులు మొత్తం ఇచ్చేస్తాను. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు. మీ ట్యాంకు నీళ్లు ఒక గ్లాసుడు సీసాలో పట్టి తెస్తే కాపర్ టెస్ట్ ఉచితంగా చేస్తాను. రాగి ఉందని తేలితే నీళ్లు విడతలు విడతలుగా మార్చాలి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేయాలి. కార్బన్ మా షాపు ఖర్చే. రొయ్యల్ని మాత్రం తొందరపడి మళ్లీ వేయకండి. పగడపు ఇసుక, రాళ్లు రాగిని పీల్చుకుని ఆ తర్వాత మెల్లగా వదులుతాయి. ఒక పరీక్షలో కనిపించలేదని ధైర్యం తెచ్చుకోవద్దు, కొన్ని వారాల పాటు చూస్తూ ఉండాలి.

ఇది విన్న ఒకరిద్దరు "ఈ ప్లాస్టిక్ గొడవంతా ఎందుకు, నిజం పగడాలే తెప్పించొచ్చుగా" అన్నారు. తెప్పించను. 2001లో మన దేశం దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ, సముద్రపు విసనకర్రల్నీ (విసనకర్రలా పరుచుకునే సీ ఫ్యాన్ పగడాలు) వన్యప్రాణి రక్షణ చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1లో చేర్చింది. అండమాన్ వెళ్లినప్పుడు ఒడ్డున దొరికిందని చిన్న ముక్క జేబులో వేసుకొచ్చినా తప్పే. ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పగడం జాతి వేరు, దాంతో దీన్ని కలపకండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఎండిన పగడం అంటే ఎన్నో ఏళ్లు పెరిగిన ప్రాణుల గూడు. 2024 వేసవిలో సముద్రం వేడెక్కి లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబడిపోయాయి. అసలే కష్టంలో ఉన్న వాటిని డ్రాయింగ్ రూమ్ అందం కోసం విరిచి తేవడం నాకు మనసొప్పదు. కృత్రిమ పగడాలు అమ్మడం మొదలుపెట్టిందే అందుకు. అందుకే ఈ సరుకు విషయంలో నాకు ఇంత బాధ.

ఇకనుంచి ఇలా చేస్తాను. ప్రతి లాట్‌లో ఒక ముక్కని నిలువునా కోసి లోపల ఏముందో చూస్తాను. మిగతావాటిని 1.025 సాంద్రత ఉన్న ఉప్పునీళ్ల బకెట్లో 21 రోజులు నానబెట్టి, ఆ నీళ్లలో రాగి, ఫాస్ఫేట్ రెండూ పరీక్షిస్తాను. రెసిన్ మీద పైపైన రంగు పూసినవి పూర్తిగా మానేస్తున్నాను. మెత్తటి సిలికాన్‌వి, రంగు లోపలి దాకా కలిసిపోయినవి మాత్రమే ఉంచుతాను. ధర ఎక్కువే. కానీ నీళ్ల కదలికకి అవి ఊగుతుంటే చూడ్డానికి బాగుంటుంది. మా షాపులో క్లౌన్ ఫిష్ జంట సిలికాన్ ఎనిమోన్‌లోనే దూరి పడుకుంటోంది.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న మంచి ముక్కల గురించి రెండు మాటలు. గోధుమ రంగు పొర పడుతోందని సబ్బుతో రుద్దకండి, బయటికి తీసి ఉప్పునీళ్లలోనే మెత్తటి బ్రష్‌తో తోమితే చాలు. ఊదారంగు పెచ్చులా గట్టిగా అతుక్కున్నదైతే తెల్ల వెనిగర్‌లో కాసేపు నానబెట్టి బాగా కడగండి. ఇంకొకటి, పగడాలకి చోటు కావాలని లైవ్ రాక్ (ట్యాంకులో పెట్టే రంధ్రాల సముద్రపు రాళ్లు) తీసేయకండి. అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా ఎక్కువగా ఆ రాళ్ల రంధ్రాల్లోనే ఉంటుంది. నున్నటి సిలికాన్‌కి ఆ పని చేతకాదు. మొన్న ఒకరు రాళ్లన్నీ తీసేసి ట్యాంకంతా పగడాలతో నింపారు, నాలుగో రోజుకి చేపలు నీటి పైకొచ్చి రొప్పడం మొదలుపెట్టాయి.

కొత్త సరుకు బకెట్లలో నానుతోంది, ఇవాళ్టికి తొమ్మిదో రోజు. 21 రోజులూ నిండి పరీక్ష పూర్తయ్యేదాకా షాపులో ఆ అర ఖాళీగానే ఉంటుంది. ఈలోపు ఎర్ర కొమ్మల ముక్కలు వెనక్కి ఇవ్వడానికి ఆదివారంతో సహా ఏ రోజైనా రావచ్చు. రాలేనివాళ్లు ఒక ఫోన్ చేయండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.